ప్రోగ్రాము చిన్నదైనంతనే మంచిదగునా? డీడబ్ల్యూఎం అను విండో మేనేజరు గుణదోష విచారణ

లినక్స్ కంప్యూటర్లు వాడు యువకులలో ఒక అభిరుచి కొంతకాలముగా ప్రబలుచున్నది. యంత్రముతో పాటు వచ్చిన తెర ఏర్పాటును తొలగించి, దాని స్థానమున మిక్కిలి చిన్నదైన విండో మేనేజరు నొకదానిని నెలకొల్పుకొనుటయే ఆ అభిరుచి. అది తేలికైనదనియు, వేగముగా పనిచేయుననియు, పాత యంత్రములకు సైతము ప్రాణము పోయుననియు వారు చెప్పుదురు. ప్రయోగశాలలో పాత కంప్యూటర్లు నాలుగైదు మాత్రమే గల ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునకు ఈ మాటలు ఇంపుగానే ఉండును. కాని ఒకరి మాట విని మందు మ్రింగుట శాస్త్రపద్ధతి కాదు. కావున ఈ కోవకు చెందిన వానిలో మిక్కిలి పేరుపొందిన డీడబ్ల్యూఎం అను ప్రోగ్రామును తీసికొని, అది స్వీకరింపదగినదా, తగినచో ఎవరికి తగినది అను విషయమును విచారింతము. ఇట్టివి ఏటేట కొత్తవి వచ్చుచునే యున్నవి. ఇచ్చట చేయు విచారణ సరియైనదైనచో, అదే కొలబద్దతో రేపు రాబోవు దానినికూడ పాఠకులు తామే తూచుకొనగలరు.

విండో మేనేజరు అనగా నేమి?

కంప్యూటరులో మనము ఒకేసారి పెక్కు ప్రోగ్రాములు నడుపుదుము. పత్రము వ్రాయుటకు ఒకటి, ఇంటర్నెట్ పుటలు చూచుటకు ఒకటి, మార్కుల పట్టిక వేయుటకు ఒకటి. ప్రతి ప్రోగ్రామునకు తెరమీద కొంత జాగా ఇయ్యబడును. దానినే విండో అందురు. ఏ విండో ఎచ్చట ఉండవలెను, ఎంత వెడల్పు ఉండవలెను, ఏది పైకి రావలెను, మీట నొక్కినపుడు ఆ అక్షరము ఏ విండోకు చేరవలెను అనువానిని నిర్ణయించు ప్రోగ్రామే విండో మేనేజరు. బల్లమీది కాగితములను సర్దిపెట్టు గుమాస్తా వంటిదన్నమాట.

ఈ గుమాస్తాను మార్చుకొను వీలు ఎట్లు కలిగినది? 1984లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారు ఎక్స్ విండో వ్యవస్థను ప్రారంభించిరి. అది తెరమీద బొమ్మ గీయు పనిని మాత్రమే తన యొద్ద నుంచుకొని, విండోలను సర్దు పనిని వేరొక ప్రోగ్రామునకు వదలిపెట్టినది. అందుచేత ఒక గుమాస్తాను పంపివేసి మరియొకనిని పెట్టుకొను స్వేచ్ఛ వాడువానికి లభించినది. నేడు లినక్స్‌తో వచ్చు గ్నోమ్, కేడీఈ వంటివి గుమాస్తా ఒక్కడు కాదు. గుమాస్తాతో పాటు కావలివాడు, బంట్రోతు, దీపములు వెలిగించువాడు, అందరును గల పూర్తి కార్యాలయములు. డీడబ్ల్యూఎం అట్లు కాదు. అది గుమాస్తా ఒక్కడే.

డీడబ్ల్యూఎం స్వరూపము

దీనిని 2006లో ఆన్సెల్మ్ గార్బె అను ప్రోగ్రాము రచయిత విడుదల చేసెను. సక్‌లెస్ అను బృందము దీనిని ఇప్పటికిని పోషించుచున్నది. దీనిలో విండోలు ఒకదానిపై నొకటి పడవు. నేలమీద పరచిన షాబాదు బండలవలె ప్రక్కప్రక్కన అమరియుండును. తెరలో ఎడమవైపున నూటికి 55 వంతుల వెడల్పు ముఖ్యమైన విండోకు, మిగిలినది తక్కిన విండోల వరుసకు కేటాయింపబడును. కొత్త విండో తెరచినంతనే అది ముఖ్యస్థానమును ఆక్రమించును, పాతది వరుసలోనికి జరుగును. ఈ కొలతను కావలసినట్లు మార్చుకొనవచ్చును. విండోలకు 1 మొదలు 9 వరకు గుర్తులు తగిలించి, కావలసిన గుర్తు గలవానిని మాత్రమే తెరమీదికి రప్పించుకొనవచ్చును. దాదాపు అన్ని పనులును కీబోర్డు మీటలతోనే జరుగును.

విండోలను బండలవలె పరచుట కొత్త ఆలోచన కాదు. 1985లో వచ్చిన విండోస్ మొదటి రూపమున ప్రోగ్రాముల విండోలు ఒకదానిపై నొకటి పడుటకు వీలు లేకుండెను. 1987లో వచ్చిన రెండవ రూపమున ఆ వీలు కల్పింపబడినది. డీడబ్ల్యూఎం లోని విశేషము వేరు. దాని మూలపాఠము రెండువేల పంక్తులు మించరాదని రచయితలు నియమము పెట్టుకొనిరి. రంగులు గాని, మీటలు గాని మార్చవలెనన్న, దానికి వేరుగా అమరికల ఫైలు లేదు. సీ భాషలో నున్న మూలపాఠమునే సవరించి, మరల కంపైలు చేసికొనవలెను. అదనపు సౌకర్యములు కావలసినవారు ఇతరులు వ్రాసిన "ప్యాచ్"లను, అనగా సవరణ తునకలను, మూలపాఠమునకు అతికించుకొనవలెను.

మెచ్చదగిన గుణములు

ముందుగా గుణములు చెప్పుట న్యాయము. మొదటిది, ఇది చదువదగిన ప్రోగ్రాము. పూర్తి కార్యాలయముల మూలపాఠములు లక్షల పంక్తులలో నుండును. వానిని ఒక మనిషి ఆసాంతము చదువుట దుర్లభము. డీడబ్ల్యూఎంను సీ భాష నేర్చిన విద్యార్థి కొద్ది వారములలో పూర్తిగా చదువగలడు. నిత్యము వాడు ఒక పనిముట్టు లోపల ఎట్లున్నదో మొదటినుండి చివరివరకు చూచు అవకాశము ఈ కాలమున అరుదు. గడియారము విప్పి చూచిన బాలునకు కలుగు జ్ఞానము వంటిది ఇది.

రెండవది, ఇది స్థిరమైనది. 6.2 అను రూపము 2019లోను, 6.5 అను రూపము 2024లోను వచ్చినవి. ఈ ఐదేండ్లలో వాడుకలో పెద్ద మార్పేదియు లేదు. ఒకసారి నేర్చిన మీటలు మరల మరచి కొత్తవి నేర్వవలసిన అగత్యము కలుగలేదు. మూడవది, ఇది ఆక్రమించు జ్ఞాపకస్థలము కొద్ది మెగాబైట్లు మాత్రమే.

వేగము సంగతి

"మౌసు పట్టకుండ పని జరుగును గనుక కాలము ఆదా యగును" అనునది దీనిని మెచ్చువారి ముఖ్యవాదము. దీనిని అంకెలతో పరీక్షింపవచ్చును. 1980లో స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరన్, ఆలెన్ న్యూవెల్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు కంప్యూటరు వాడువాని చేతిపనులకు పట్టు సగటు కాలములను ప్రకటించిరి. వారి లెక్క ప్రకారము, నేర్పుగల వానికి ఒక మీట నొక్కుటకు 0.2 సెకండు, చేయి కీబోర్డునుండి మౌసునకు మారుటకు 0.4 సెకండు, మౌసుతో తెరమీది గురిని చేరుటకు 1.1 సెకండ్లు పట్టును. ఏమి చేయవలెనో తలపోయుటకు 1.35 సెకండ్లు పట్టును.

ఒక విండోనుండి మరియొక విండోకు పోవలెననుకొందము. మౌసుతోనైన, చేయి మారుటకు 0.4, గురి చేరుటకు 1.1, నొక్కుటకు 0.2, మరల కీబోర్డునకు వచ్చుటకు 0.4, వెరసి 2.1 సెకండ్లు. రెండు మీటలతోనైన 0.4 సెకండు. ఆదా 1.7 సెకండ్లు. రోజునకు 200 మారులు ఇట్లు చేసినచో 340 సెకండ్లు, అనగా ఆరు నిమిషములకు లోపు మిగులును. ఈ ప్రోగ్రామును అమర్చుకొని, మీటలు నేర్చుకొనుటకు 15 గంటలు పట్టినదనుకొందము. ఆ 54,000 సెకండ్లు తిరిగి రాబట్టుటకు సుమారు 159 రోజులు కావలెను. ఇది చేయితిరిగిన వాని సంగతి. ఏ మీట నొక్కవలెనో తలపోయవలసిన వానికి మరి 1.35 సెకండ్లు చేరి, ఆదా 0.35 సెకండునకు దిగును. అప్పుడు అప్పు తీరుటకు రెండేండ్లు దాటును.

ఇంకొక మాట. ఆల్ట్, టాబ్ మీటలతో విండోలు మార్చు సౌకర్యము సాధారణమైన ఏర్పాట్లు అన్నింటియందును ముందే కలదు. దానిని నేర్చినవానికి పై లాభములో చాలభాగము ఊరకే వచ్చియున్నది. కావున వేగము అను వాదము పూర్తిగా అబద్ధము కాదు గాని, చెప్పునంత గొప్పది మాత్రము కాదు. రోజంతయు ప్రోగ్రాములు వ్రాయువానికి లాభము. రోజునకు ఒక గంట వాడు ఉపాధ్యాయునకు నష్టము.

జ్ఞాపకస్థలమును గురించియు ఇట్లే ఆలోచింపవలెను. డీడబ్ల్యూఎం చేయు ఆదా ఒక్కసారి జరుగు ఆదా. నాలుగు గిగాబైట్ల యంత్రమున అది నిజముగా పనికివచ్చును. కాని నేటి బ్రౌజరులో పుటలు పెక్కు తెరచినకొలది ఆ మిగిలిన స్థలము కరగిపోవును. అప్పుడు యంత్రము మందగించుటకు కారణము బ్రౌజరే గాని గుమాస్తా కాదు. గుమాస్తాను మార్చినంత మాత్రమున ఆ జబ్బు కుదురదు.

వదలిపెట్టిన పని ఎవరిపై పడును?

ఇచ్చట అసలు ప్రశ్న వచ్చుచున్నది. రెండువేల పంక్తులలో ఇమిడినదన్న, ఏదో వదలిపెట్టబడినదన్నమాట. వదలిపెట్టిన పని మాయమైపోవునా? పోదు. అది మరియొకరి మీద పడును.

పెన్‌డ్రైవు గ్రుచ్చినంతనే దానిలోని ఫైళ్ళు తెరచి చూపు పని డీడబ్ల్యూఎంది కాదు. వైఫై ఎంచుకొను పట్టిక దానిలో లేదు. ధ్వని తగ్గించుట, వెలుతురు పెంచుట, తెరకు తాళము వేయుట, వీనికి వేర్వేరు ప్రోగ్రాములు తెచ్చి, ఒక్కొక్కదానికి మీట కేటాయించుకొనవలెను. గడియారము కూడ తనంత తాను కనబడదు. గంట ఎంతయైనదో చెప్పు చిన్న ప్రోగ్రామును మనమే వ్రాసి ఇయ్యవలెను.

తరగతిలో ప్రొజెక్టరు తగిలించు సందర్భమును తీసికొనుడు. పూర్తి కార్యాలయములలో తీగ తగిలించినంతనే రెండవ తెర గుర్తింపబడి, ఏమి చేయవలెనని అడుగు పట్టిక వచ్చును, లేదా బొమ్మయే వచ్చును. డీడబ్ల్యూఎం రెండు తెరలను చక్కగానే నడుపగలదు. కాని ఆ రెండవ తెరను మేలుకొలుపు పని దానిది కాదు. అందులకు ఎక్స్‌రాండర్ అను వేరొక ప్రోగ్రామునకు ఆజ్ఞ టైపు చేయవలెను, లేదా ముందుగానే మీట నొకదానిని అమర్చి యుంచుకొనవలెను. నలువదిమంది పిల్లలు ఎదురుగా కూర్చుండియుండగా ఆ ఆజ్ఞ గుర్తురానిచో పాఠము ఆగిపోవును.

దీనిని మెచ్చువారు "ఇవి అన్నియు కలుపుకొనవచ్చును గదా" అందురు. కలుపుకొనవచ్చును. కాని కలిపిన పిదప చిన్నదనము ఎచ్చట మిగిలినది? పైగా ప్యాచ్‌లు ఒకదానితో నొకటి పొసగక పోవుట సామాన్యము. కొత్త రూపము వచ్చినపుడు పాత తునకలు అతుకవు. వానిని చేతితో సరిచేసికొనవలెను. అనగా రచయితల మూలపాఠము చిన్నదిగా ఉండుటకు వెల చెల్లించువాడు వాడుకరియే. వంటవాడు పని తగ్గించుకొనుటకై కూరలు తరుగకుండ వడ్డించిన, తరుగు పని భోజనము చేయువానికే గదా.

తెలుగు అక్షరముల పరీక్ష

మన పాఠశాలలలో వాడదలచిన ఏ ప్రోగ్రామునకైనను ఒక పరీక్ష తప్పనిసరి. అది తెలుగును సరిగా చూపునా? సరిగా వ్రాయనిచ్చునా?

కంప్యూటరు లోపల తెలుగు అక్షరములు యూనికోడు సంఖ్యలుగా నుండును. "విద్యార్థి" అను మాట మన కంటికి మూడక్షరములు. కంప్యూటరునకు అది పది సంకేతములు: వ, గుడి, ద, పొల్లు, య, దీర్ఘము, ర, పొల్లు, థ, గుడి. ద తరువాత పొల్లు, దాని తరువాత య వచ్చినపుడు యకారమును వత్తుగా మార్చి దకారమునకు తగిలించుట ఒక ప్రత్యేకమైన పని. హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాము సంపుటి ఈ పని చేయును. పాంగో అను సంపుటి దాని సహాయముతో పూర్తి వాక్యములను తీర్చును. ఆంగ్లమునకు ఈ కూర్పు లేకున్నను పని గడచును. తెలుగునకు గడవదు.

డీడబ్ల్యూఎం తన పైపట్టీలోని మాటలను ఎక్స్‌ఎఫ్‌టీ అను పాత సంపుటితో వ్రాయును. ఆ సంపుటి ఒక్కొక్క సంకేతమునకు ఒక్కొక్క గుర్తు గీయును గాని వానిని కూర్చదు. అందుచేత మనము తెరచిన పత్రము పేరు తెలుగులో నున్నచో, పైపట్టీలో వత్తులు ఏర్పడక, పొల్లు ఒకచోటను పూర్తి అక్షరము మరియొకచోటను పడును. బ్రౌజరు లోపలి పుటలు, వ్రాతపత్రములు చెడవు. వానిని ఆ ప్రోగ్రాములే స్వయముగా కూర్చుకొనును. చెడునది పట్టీ మాత్రమే. పాంగోను చేర్చు ప్యాచ్‌లు లేకపోలేదు. కాని అవి మూల ప్రోగ్రాములోనివి కావు. మరల మనమే అతికించుకొనవలెను. రెండువేల పంక్తుల నియమమునకు బలియైనవానిలో మన వత్తులు కూడ ఉన్నవన్నమాట. తెలుగు వ్రాయుట నేర్చుకొనుచున్న బాలుని ఎదుట తప్పుగా కూర్చిన తెలుగు నిలుపుట చిన్న దోషము కాదు.

తెలుగు టైపు చేయుట కొంత మేలు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఎక్స్ వ్యవస్థలోనే ఉన్నది. ఒక్క ఆజ్ఞతో దానిని రప్పింపవచ్చును. ఆంగ్లాక్షరములతో వ్రాసి తెలుగు రాబట్టు పద్ధతి కావలెనన్న ఐబస్ వంటి సహాయక ప్రోగ్రామును మనమే ప్రారంభింపవలెను. దానిని గుర్తింపుడని తక్కిన ప్రోగ్రాములకు తెలుపు అమరికలు మనమే పెట్టవలెను. గ్నోమ్ వంటివానిలో ఇది అమరికల పట్టికలో భాష నెన్నుకొనుటతో ముగియును. మరియొక చిక్కు. డీడబ్ల్యూఎం మీటలలో కొన్ని ఆల్ట్, షిఫ్ట్ కలిసినవి. భాష మార్చుటకుకూడ పలువురు ఆల్ట్, షిఫ్ట్ జంటనే పెట్టుకొందురు. అప్పుడు విండో మూయబోయిన భాష మారును. రెంటిలో ఒకదానిని మార్చుకొనక తప్పదు.

రాబోవు కాలము

దేనినైన స్వీకరించుటకు ముందు దాని ఆయుర్దాయము కూడ చూడవలెను. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ వేలాండ్ అను కొత్త పద్ధతిని ప్రారంభించెను. దీనిలో బొమ్మ గీయువాడును, విండోలు సర్దువాడును ఒక్కడే. వేరుగా గుమాస్తాకు చోటు లేదు. డీడబ్ల్యూఎం ఎక్స్ వ్యవస్థకై వ్రాయబడినది గనుక వేలాండ్‌లో గుమాస్తాగా పనిచేయజాలదు. 2025లో వచ్చిన రెడ్‌హాట్ సంస్థవారి పదవ రూపమునుండి ఎక్స్ సర్వరు తొలగింపబడినది. అదే యేడు అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10 గ్నోమ్‌ను వేలాండ్ మీద మాత్రమే నడుపుచున్నది. ఎక్స్ రేపే అంతరించునని కాదు. తక్కిన పంపిణీలలో అది లభించుచునే యున్నది. కాని గాలి ఏ వైపునకు వీచుచున్నదో తెలియుచున్నది. డీడబ్ల్యూఎం పద్ధతినే వేలాండ్‌కు తెచ్చిన డీడబ్ల్యూఎల్ అనునది వేరొకటి కలదు.

ఇంతటి కఠోరనియమము లేక, కొంత మధ్యేమార్గమున పోవునవియు ఉన్నవి. 2009లో మైకేల్ స్టాపెల్‌బెర్గ్ ప్రారంభించిన ఐత్రీ అను దానికి సాధారణమైన అమరికల ఫైలు కలదు. కంపైలు చేయ నక్కరలేదు. పాంగోను వాడును గనుక తెలుగు పేర్లు సరిగా కనబడును. 2019లో పూర్తిరూపము దాల్చిన స్వే అనునది అదే పద్ధతిని వేలాండ్‌మీద నడుపును.

తీర్పు

డీడబ్ల్యూఎం పరిచయపుటలో ఒక విచిత్రమైన మాట కలదు. మూలపాఠమును సవరించుకొను పద్ధతివలన వాడువారి సంఖ్య చిన్నదిగా, శ్రేష్ఠులకు పరిమితమై ఉండుననియు, తెలివితక్కువ ప్రశ్నలు వేయు కొత్తవారు రారనియు దాని భావము. అది హాస్యమే కావచ్చును. ఐనను ప్రశ్న వేయుటయే విద్యకు మొదటి మెట్టని నమ్మిన ఉపాధ్యాయునకు అది రుచింపదు. కొత్తవారిని రానీయని పనిముట్టు కొత్తవారితో నిండిన పాఠశాలకు తగదు.

కావున పాఠశాల ప్రయోగశాలకు డీడబ్ల్యూఎం తగదని నా అభిప్రాయము. యంత్రములు పాతవైనచో ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన పూర్తి ఏర్పాటును పెట్టుకొనుట మేలు. అది గ్నోమ్ అంత బరువైనది కాదు, తెలుగును చెరుపదు, ప్రొజెక్టరునకు పట్టిక చూపును. రోజంతయు కీబోర్డు మీదనే పని చేయువారు ఐత్రీని గాని స్వేను గాని పరీక్షింపవచ్చును. ఇక సీ భాష నేర్చుచున్న విద్యార్థి డీడబ్ల్యూఎంను తప్పక తెచ్చుకొని చదువవలెను. దానిని నిత్యము వాడినను వాడకున్నను, చదివిన లాభము అతనికి నిలుచును. పనిముట్టుగా దానికి నేను ఇయ్యని మార్కులు పాఠ్యగ్రంథముగా ఇయ్యగలను.

నా తీర్పును ఊరక నమ్మవలదు. ఒకే యంత్రమున రెండు ఏర్పాట్లను పెట్టి, అవే ప్రోగ్రాములు తెరచి, ఫ్రీ అను ఆజ్ఞతో జ్ఞాపకస్థలమును కొలిచి చూడుడు. కొత్త మోజు తీరుటకు కనీసము నాలుగు వారములు వాడుడు. ఒక కాగితముమీద రెండు వరుసలు గీసి, ఆ ప్రోగ్రాము మీకు మిగిల్చిన పనులను ఒకవైపునను, మీమీద మోపిన పనులను రెండవవైపునను వ్రాయుడు. మూలపాఠము ఎన్ని పంక్తులని రచయితలు లెక్కించిరి. దానితో పాటు మీరు వ్రాసిన పంక్తులను, అతికించిన తునకలను కూడ లెక్కలోనికి తీసికొన్నపుడే దాని నిజమైన పరిమాణము తేలును.